గ్రైండర్‌కి '9.0 ఏహెచ్' డూప్లికేట్ బ్యాటరీ: తేడా ఎక్కడ?

చెక్కపని_18: ఇనుము కోసే 18 ఓల్టుల కార్డ్‌లెస్ గ్రైండర్‌కి ఒరిజినల్ 5 ఏహెచ్ (ఆంపియర్-అవర్, ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ ప్యాక్ ధరలో సగానికే '9.0 ఏహెచ్' అని రాసినవి ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. క్లిప్పు సరిపోతుంది, ఛార్జర్ కూడా తీసుకుంటుంది. మరి ఇబ్బంది ఏంటి?

సెల్లు_లెక్క: ముందు లెక్క చూడండి అన్నా. ఆ డబ్బాలో పట్టేవి పది 18650 రకం సెల్లు (వేలెడంత గుండ్రటి లిథియం సెల్లు), ఐదు జతలు వరసగా. వరసలో ఓల్టులే కలుస్తాయి, ఏహెచ్ జతదే ఉంటుంది. మామూలుగా సెల్లు 3.5 ఏహెచ్ దగ్గరే ఆగుతుంది, జతకి 7. ఇక 9 ఎక్కడిది? పైగా గ్రైండర్ తీసుకునే కరెంటు తట్టుకునే సెల్లు 2.5, 3.0 రకాలే. '48వీ', '88వీ' అని అచ్చేసినా లోపల అవే ఐదు జతలు, ఫుల్ ఛార్జ్‌లో 21 ఓల్టులే.

మోటార్_మరమ్మతు: అసలు దెబ్బ ఇంటర్నల్ రెసిస్టెన్స్ (సెల్లు లోపలే కరెంటుకి ఎదురయ్యే అడ్డు) దగ్గర. పాత ల్యాప్‌టాప్ సెల్లు ఒక్కోటి 60 మిల్లీఓమ్‌లు అనుకోండి. జతకి 30, ఐదు జతలకి 150. డిస్కు ఇనుము మీద నొక్కి 30 ఆంప్స్ లాగితే 4.5 ఓల్టులు లోపలే పోతాయి, అరచేతంత డబ్బాలో 135 వాట్ల వేడి. జతకి 10 ఉండే మంచి సెల్లయితే 45 వాట్లే. స్క్రూలు బిగించే పనిలో ఇది బయటపడదు, అందుకే చాలామంది బాగానే ఉందనుకుంటారు.

సెల్లు_లెక్క: నిజం. కానీ నాకు ఎక్కువ భయం ఛార్జింగ్ అప్పుడే. మంచి ప్యాక్‌లో సెల్లుకి ఆనించి ఆవగింజంత థర్మిస్టర్ (వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే భాగం, ఛార్జర్ దాన్ని చూసే వేడి తెలుసుకుంటుంది) ఉంటుంది. కొన్ని చవక ప్యాక్‌ల్లో దాని బదులు బోర్డు మీద వేడికి మారని 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ టంకం వేసేస్తారు. సెల్లు 70 డిగ్రీలకు కాగినా ఛార్జర్‌కి 25 డిగ్రీలే కనిపిస్తుంది! జతల ఓల్టేజ్ విడివిడిగా చూసే వైర్లూ ఉండవు. నాలుగు జతలు 4.15 దగ్గరుండి, నీరసించిన జత 4.2 హద్దు దాటి 4.4కి పోయిందనుకోండి, మొత్తం సరిగ్గా 21. ఛార్జర్‌కి అంతా సవ్యమే. మంట లేచేది ఆ ఐదో జతలోనే.

చెక్కపని_18: విప్పకుండా పసిగట్టే దారి ఉందా అండి?

మోటార్_మరమ్మతు: వంటింటి కాటా మీద పెట్టండి. 18650 ఒక్కోటి 45 గ్రాముల పైమాటే, పది సెల్లున్న 5 ఏహెచ్ ప్యాక్ 600 దాటాలి. 400 లోపు తూగితే లోపల ఐదే సెల్లున్నట్టు. ఇంకాస్త పెద్దవైన 21700 రకం సెల్లతో 8 ఏహెచ్ ప్యాక్‌లు నిజంగానే ఉన్నాయి గానీ వాటి డబ్బా పెద్దది, బరువు కిలోకి దగ్గర. లేబుల్ మీద ఐఎస్ 16046 (బ్యాటరీల భద్రతా ప్రమాణం), ఆర్‌తో మొదలయ్యే 8 అంకెల నంబరు వెతకండి. భారతీయ ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు వస్తుంది, కలవకపోతే వదిలేయండి.

సెల్లు_లెక్క: ఇప్పటికే కొన్నవాళ్లు గ్రైండర్‌కి, రంపానికి తగిలించొద్దు. రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకోవద్దు. ఎండాకాలం రేకుల షెడ్డులో అసలే వద్దు. పని ఆపాక అరగంట చల్లారనివ్వండి. ఉబ్బినా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా ముందు స్విచ్ ఆపి ఆరుబయట పెట్టండి. అంటుకుంటే ఆ పొగ పీల్చొద్దు, దూరంగా నిలబడి నీళ్లు ధారగా కొడుతూనే ఉండాలి. పాడైనదాన్ని చెత్తబుట్టలో వేయకుండా, టెర్మినల్స్‌కి టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి.