తడిసిన కాగితం, ఫోన్‌లో ఫొటో: నా సీడ్ ఫ్రేజ్ ఇంకా భద్రమేనా?

సింగ్‌నగర్_వాసి:
మాది విజయవాడ. క్రిప్టో వాలెట్ తెరిచినప్పుడు వచ్చిన 12 పదాలను (సీడ్ ఫ్రేజ్ అంటే ఇదే, ఇవి ఎవరి దగ్గరుంటే వాలెట్ వాళ్ల చేతిలో ఉన్నట్టే) జెల్ పెన్నుతో కాగితం మీద రాసి బీరువా కింది అరలో పెట్టాను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. ఇంటి దస్తావేజులు ప్లాస్టిక్ కవర్లో ఉండి బతికాయి, ఈ కాగితం మాత్రం నీలం మరకైపోయింది. ఫోన్‌లో వాలెట్ ఇంకా తెరుచుకోవడం నా అదృష్టం. సెట్టింగ్స్‌లో పదాలు చూసి మళ్లీ రాసుకుని, ఈసారి ఫొటో కూడా తీశాను.

మొన్న పండక్కి చుట్టాలొస్తే టీవీలో గూగుల్ ఫొటోస్ పెట్టాం. పాప పుట్టినరోజు ఫొటోల మధ్యలో ఆ కాగితం! మా బావమరిది "ఇదేంటి బావా, పాప డిక్టేషనా?" అన్నాడు. నవ్వేశాను గానీ ఆ రాత్రి నిద్ర లేదు.

ఫొటో డిలీట్ చేస్తే చాలా? కాగితాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి ఇంట్లో, ఒకటి గుడివాడలో మా అత్తగారింట్లో పెడదామనుకుంటున్నా. సరైన పనేనా?

పాత_మైనర్:
డిలీట్ చేస్తే చాలదండి. బ్యాకప్ అయిన ఫొటో ట్రాష్‌లోనే 60 రోజులు ఉంటుంది. అంతకంటే పెద్ద సమస్య, ఆ ఫొటోను ఇప్పటికే ఎవరు చూశారో మీరు చెప్పలేరు. 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీ వాళ్లు స్పార్క్‌క్యాట్ అనే మాల్వేర్ (దొంగ ప్రోగ్రామ్) గురించి బయటపెట్టారు. గ్యాలరీ పర్మిషన్ తీసుకుని, ఫొటోల్లోని అక్షరాలు చదివి సీడ్ పదాలు ఏరుకుంటుంది. ప్లే స్టోర్, యాప్ స్టోర్ రెండింట్లోనూ ఉన్న యాప్‌లలో దొరికింది.

పాస్‌వర్డ్‌లా ఈ పదాలను మార్చుకోలేం. కొత్త వాలెట్ తెరిచి, ఆ పదాలు రాసుకుని, వాటితో వాలెట్ మళ్లీ తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. తర్వాత పాత వాలెట్‌లోంచి కొత్తదానికి కాస్త పంపి, చేరాక మిగతాది పంపండి. ఇథీరియం నెట్‌వర్క్ మీద వేరే టోకెన్లుంటే ముందు అవి పంపాలి, వాటి ఫీజు కూడా ఆ నెట్‌వర్క్ కాయిన్ ఈథర్‌లోనే కట్టాలి. ఈథర్ మొత్తం ముందే పంపేస్తే ఫీజుకు మిగలదు.

రెండు ముక్కలొద్దు. ఒకటి పోతే మీకు అన్నీ పోయినట్టే. దొంగకు ఒకటి దొరికితే వాడి పని చాలావరకు తేలికవుతుంది.

స్టీల్_సామాన్లు:
మాకు గిన్నెల కొట్టు ఉంది కాబట్టి చెప్తున్నా. గిన్నెల మీద పేర్లు చెక్కే మెషీన్‌తో స్టీల్ పళ్లెం వెనక చెక్కుకోండి. నీళ్లకు చెరగదు, చెదలు పట్టదు. ప్రతి పదానికీ మొదటి 4 అక్షరాలు చాలు. ఈ పదాలన్నీ 2048 ఇంగ్లీషు పదాల పట్టికలోంచే వస్తాయి, అందులో ఏ రెండింటికీ మొదటి 4 అక్షరాలు ఒకటి కావు. వరస నంబరు మాత్రం మర్చిపోవద్దు. కొట్టువాడికిచ్చి చెక్కించకండి, నాకైనా సరే. మెషీన్ తెచ్చుకుని మీరే చెక్కాలి. ఆ పళ్లెంలో అన్నం తినకుండా చూసుకోండి!

సింగ్‌నగర్_వాసి:
ఇద్దరికీ థాంక్స్. రాత్రే కొత్త వాలెట్‌లోకి మార్చేశాను. పళ్లెం సంగతి మా ఆవిడకు ఒక్కదానికే చెప్పాను. ఇక్కడ పోస్టు పెట్టిన గంటలోనే "వాలెట్ సపోర్ట్" పేరుతో ఇద్దరు మెసేజ్ చేశారు, ఫ్రేజ్ పంపితే సరిచేసి పెడతారట. వాళ్లకు నిజంగా పాప రాసిన డిక్టేషనే పంపాను.