అప్‌డేట్: చిక్కిపోయిన లెపర్డ్ గెకో పిల్ల కోలుకుంది

అమలాపురంలో ఒకరు వదిలించుకుంటుంటే తెచ్చుకున్న గెకో (ఇంట్లో పెంచుకునే ఒక రకం బల్లి) పిల్ల తిండి ముట్టట్లేదు, తోక సన్నబడిపోయింది, ఏం చేయాలని ఇక్కడే అడిగాను కదండీ. ఇప్పుడు బాగుంది. ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

కాకినాడలో వెటర్నరీ డాక్టరు గారికి చూపించాం. ఒంట్లో నీరు తగ్గింది, కాల్షియం తక్కువ, అన్నిటికంటే ముఖ్యంగా పొట్టకు వేడి చాలక తిన్నది అరగట్లేదు అన్నారు. నులిపురుగులేమోనని చాలామంది అన్నారు గానీ, మలపరీక్షలో ఏమీ లేదు. కోనసీమ తేమ పడలేదన్నదీ కారణం కాదు. పాత ఇంట్లో రోజంతా ఏసీ గదిలో ఉంచేవారట. ఆ పొడి గాలికే కుబుసం సరిగా ఊడక వేళ్ల చుట్టూ ఉంగరాల్లా బిగుసుకుంది, ఒక వేలి కొస నల్లబడింది కూడా. గోరువెచ్చని నీళ్లలో కాళ్లు తడిసేంత వరకే నిలబెట్టి, తడి దూదిపుల్లతో మెల్లిగా దొర్లిస్తే వదిలింది. దయచేసి లాగకండి, వేలే ఊడొచ్చే ప్రమాదముంది.

అసలు పనిచేసింది, వేడి మితిమీరకుండా చూసే థర్మోస్టాట్ పెట్టిన హీట్ మ్యాట్ (అడుగు నుంచి వేడినిచ్చే చాప) సలహా. దాక్కునే చోట నేల 32 డిగ్రీలు, రెండో వైపు చల్లగా ఉంచాను. ఇసుక తీసేసి టిష్యూ పేపర్ పరిచాను. విటమిన్ డీ3 ఉన్న కాల్షియం పొడి అద్ది, పెంపకం కీచురాళ్లలో చిన్నవే పెడుతున్నాను. వరిచేలో పట్టిన మిడతలు మాత్రం వద్దు, పురుగుమందు కొట్టి ఉంటారు.

నల్లబడిన కొస రాలిపోయింది, పుండు పడలేదు. తోక మళ్లీ లావెక్కుతోంది.