కుండీలో కిక్కిరిసిపోయిన వాన లిల్లీ గడ్డలను ఎప్పుడు, ఎలా మార్చాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. నాలుగేళ్ల క్రితం మా చిన్నమ్మ వాళ్ల పెరటి నుంచి పది పన్నెండు గులాబీ రంగు వాన లిల్లీ గడ్డలు తెచ్చి, మిద్దె మీద ఇరవై లీటర్ల ఖాళీ రంగు డబ్బాలో నాటాను. మొదటి రెండు వానాకాలాల్లో, మంచి వాన పడిన నాలుగైదు రోజులకల్లా డబ్బా నిండా పూలు విచ్చుకునేవి. పోయిన ఏడాది మాత్రం మొత్తం మీద తొమ్మిది పూలే పూశాయి. ఆకు గడ్డి దుబ్బులాగా ఒత్తుగా పెరిగి డబ్బా అంచుల మీదుగా వేలాడుతున్నది. డబ్బా ఒక పక్కకు ఉబ్బి, అడుగు దగ్గర సన్నగా పగిలింది కూడా. నేను రోజూ ఉదయం నీళ్లు పోస్తాను. నెలకొకసారి కూరగాయల మొక్కలతో పాటు వీటికీ పశువుల ఎరువు వేస్తాను.

గడ్డలు కిక్కిరిసినందువల్లనే పూలు తగ్గాయా? ఇప్పుడు రోహిణి కార్తె ఎండలు మండిపోతున్నాయి కనుక, ఇప్పుడే విడదీయవచ్చా, తొలకరి దాకా ఆగాలా? ఆకులు కోయాలా, గడ్డను ఎంత లోతులో పెట్టాలి అన్నది కూడా తెలియజేయగలరు. పక్కనే ఒక మట్టి కుండీలో తెల్ల పూల వాన లిల్లీ ఉంది. దానికీ ఇదే పద్ధతి పనికివస్తుందా? చిన్నమ్మ ఇప్పుడు లేరు. అందుకే తొందరపడి ఈ గడ్డలను పాడుచేసుకోకూడదని ముందుగా అడుగుతున్నాను.

సమాధానం (రాజమహేంద్రవరం నుంచి)

నమస్కారమండీ. ముందుగా ఒక మాట: మృగశిర కార్తె వచ్చి, ఒకటి రెండు వానలు పడి, మిద్దె కాస్త చల్లబడేదాకా ఆగండి. రోళ్లు పగిలే ఎండల్లో వేర్లు కదిపితే గడ్డ చావదు కానీ, కొత్త వేర్లు పట్టేలోపు ఆకు వాడి, ఆ ఏడాది పూత పోతుంది. అప్పటిదాకా డబ్బాను గోడ నీడకు జరిపితే చాలు.

కిక్కిరిసినందువల్లనే పూలు తగ్గాయని మాత్రం నేను అనుకోవడం లేదు. వాన లిల్లీ కాస్త ఇరుకుగా ఉంటేనే బాగా పూస్తుంది. ప్రతి ఏడాదీ విడదీసే వారి కుండీల కన్నా రెండు మూడేళ్లు కదపకుండా వదిలిన కుండీలే నిండుగా పూయడం నేను చాలాసార్లు చూశాను. మీరు రాసిన దానిలో నాకు ముఖ్యంగా కనిపించినవి వేరే రెండు విషయాలు. గులాబీ రకం, మట్టి కొన్నాళ్లు ఎండి, ఆ తరువాత ఒక్కసారిగా బాగా తడిసినప్పుడు మొగ్గ తొడుగుతుంది. ఏడాది పొడుగునా రోజూ నీళ్లు పోస్తే ఆ ఎండు విరామం దానికి ఎప్పుడూ దొరకదు. రెండవది ఎరువు. నెలనెలా పశువుల ఎరువు ఆకుకూరకు మేలు చేస్తుంది కానీ, ఇటువంటి గడ్డ మొక్కకు ఎక్కువై ఆకునే పెంచుతుంది. మీ డబ్బా అంచుల మీదుగా వేలాడే ఆకు ఆ మాటే చెబుతున్నది.

అయినా డబ్బా పగిలింది కనుక మార్చక తప్పదు. గడ్డలు పైనే ఉంటాయనుకుని పారతో పొడవకండి. వీటికి మామూలు వేర్లతో పాటు ముడుచుకునే స్వభావం గల వేర్లు కూడా ఉంటాయి. అవి ముడుచుకున్నప్పుడల్లా గడ్డను కొద్దికొద్దిగా కిందికి లాగుతాయి. పైగా ఒక్కొక్క గడ్డ పక్కన పిల్ల గడ్డలు పుట్టి ఒకదానినొకటి నెట్టుకుంటాయి కనుక, మెత్తని ప్లాస్టిక్ గోడ ఉబ్బడంలో ఆశ్చర్యం లేదు. డబ్బాను ఎలాగూ పారేస్తారు కదా, కత్తిరించి మట్టిని ముద్దగా బయటకు తీయండి. తొట్టిలో నీళ్లు పోసి అరగంట నానబెడితే వేర్లు తెగకుండా విడిపోతాయి.

మట్టికి నేను వాడే పాళ్లు ఇవి: ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కుండీకి ఒక గుప్పెడు వేపపిండి. కుండీ అడుగున రంధ్రాలు పెద్దవిగా ఉండాలి. గడ్డ మెడ మట్టి మట్టానికి సరిగ్గా ఉండేటట్లు నాటండి. మెడ పూర్తిగా పూడిపోతే వానాకాలంలో అక్కడే కుళ్లు మొదలవుతుంది. గడ్డకూ గడ్డకూ రెండు అంగుళాల ఎడం ఇస్తే ఎనిమిది అంగుళాల కుండీలో పన్నెండు, పన్నెండు అంగుళాల కుండీలో పాతిక దాకా పడతాయి.

సమాధానం (కర్నూలు నుంచి)

పై సమాధానంలో ఎరువు, నీటి గురించిన మాట నూటికి నూరుపాళ్లు సరైనది. అయితే ఒక్కొక్క గడ్డనూ విడిగా రెండు అంగుళాల ఎడంలో నాటడం నాకు అంతగా నచ్చదు. విడదీసిన పిల్ల గడ్డ చిటికెన వేలి కొన కన్నా చిన్నదయితే అది ఆ ఏడాది పూయదు, మరుసటి ఏడాది కూడా పూయకపోవచ్చు. తల్లి గడ్డను దాని పక్కన అంటుకుని ఉన్న రెండు మూడు పిల్లలతో కలిపి ఒక గుంపుగా ఉంచి, గుంపుకూ గుంపుకూ మూడు అంగుళాల ఎడం ఇచ్చి నాటితే, ఆ వానాకాలంలోనే కొన్ని పూలు చూడవచ్చు. చిన్నమ్మ గారి గడ్డలన్నారు కనుక, అన్నింటినీ ఒకే కుండీలో పెట్టకుండా రెండు కుండీలకు పంచి, కొన్నింటిని దగ్గరి బంధువులకు ఇవ్వండి. ఒక చోట పోయినా మరొక చోట మిగులుతాయి.

ఆకులను మొదలంటా కోయవద్దు. వచ్చే పూతకు కావలసిన ఆహారాన్ని గడ్డలో నిల్వ చేసేది ఆ ఆకే. వేర్లు కొంత దెబ్బతిన్నాయి అనిపిస్తే సగం పొడుగుకు కత్తిరించడం వరకు మంచిది. పండుబారిన వాటిని మాత్రం తీసివేయండి. విడదీసిన గడ్డలను ఉల్లిగడ్డల్లాగా ఎండబెట్టి దాచే పద్ధతి కూడా వీటికి సరిపోదు. వీటి వేర్లు ఏటా రాలిపోయేవి కావు కనుక, అవి ఎండితే మొక్క మళ్లీ మొదటి నుంచి వేర్లు పెంచుకోవలసి వస్తుంది. తీసిన రోజే నాటండి.

సమాధానం (డాలస్ నుంచి)

తెల్ల రకం గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. మేముండే టెక్సాస్‌లో వాన లిల్లీలలో కొన్ని జాతులు సహజంగానే పెరుగుతాయి. ఎండాకాలంలో గట్టి వాన కురిసిన కొద్ది రోజులకు, అంతవరకు ఏమీ కనిపించని గడ్డి నేలలో సాయంత్రం పూట తెల్లని పూలు సువాసనతో విచ్చుకోవడం ఇక్కడ చూస్తే, గుంటూరులో మా అమ్మ కుండీలు గుర్తుకు వస్తాయి. అయితే మన మిద్దె తోటల్లో కనిపించే తెల్ల రకం ఆ టెక్సాస్ పువ్వు కాదు. అది అర్జెంటీనా, ఉరుగ్వే దేశాల తడి నేలలకు చెందినది. ఆకు సన్నని ఉల్లికాడలాగా కాస్త గుండ్రంగా, దళసరిగా ఉంటే అదే. దానిని బాగా ఎండబెట్టనవసరం లేదు, మట్టి తేమగా ఉంటేనే సంతోషిస్తుంది. పూత కూడా వానాకాలం రెండవ సగంలోనే ఎక్కువ. కాబట్టి మీ గులాబీ డబ్బాకు నీళ్లు తగ్గించేటప్పుడు పక్కనున్న తెల్ల కుండీకి కూడా తగ్గించకండి. అది మట్టి కుండీలో కుదురుగా పూస్తున్నట్లయితే ఈ ఏడాదికి కదపకండి.

ప్రశ్న అడిగిన వారు (హనుమకొండ నుంచి)

అందరికీ ధన్యవాదాలు. మొన్న రెండు వానలు పడిన తరువాత డబ్బా కోసి మట్టిని విప్పాను. పెద్దవీ చిన్నవీ కలిపి నూట ముప్పైకి పైగా గడ్డలు లెక్కకు వచ్చాయి. మీరు చెప్పినట్లే సగానికి సగం అడుగున, పగులు దగ్గరే ఇరుక్కుని ఉన్నాయి. కర్నూలు వారు చెప్పినట్లు గుంపులుగానే రెండు కుండీలలో నాటి, మిగిలినవి మా చెల్లెలికి, మరదలికి ఇచ్చాను. అయితే పది పన్నెండు గడ్డల మెడ దగ్గర, పై పొరల మధ్య తెల్లటి దూదిలాంటి పురుగు కనిపించింది. ఏడెనిమిది గడ్డలు మెత్తబడి చెడు వాసన వేశాయి. వాటిని పక్కన పెట్టాను. ఏమి చేయమంటారు?

సమాధానం (రాజమహేంద్రవరం నుంచి)

మెత్తబడిన వాటిని కంపోస్టులో కూడా వేయకుండా పారేయండి. దూదిలాగా ఉన్నది పిండినల్లి. ఆ గడ్డల ఎండిన పై పొరలను ఒలిచి, సబ్బు నీళ్లలో ముంచిన పాత పళ్ల బ్రష్‌తో మెడ చుట్టూ రుద్ది, మంచి నీళ్లతో కడిగి, నీడలో ఒక పూట ఆరబెట్టి, వేరే చిన్న కుండీలో నాటండి. నెల రోజులు చూసిన తరువాతే మిగిలిన వాటితో కలపండి.

వానలు ముదిరాక మరొక దానిని కనిపెట్టి ఉండాలి. నల్లని ఒంటి మీద తెల్లని మచ్చలుండే లిల్లీ గొంగళి పురుగు గుంపులుగా వచ్చి, ఆకు లోపలి నుంచి తింటూ గడ్డలోకి దిగుతుంది. రెండు మూడు రాత్రులు చూడకపోతే కుండీ మొత్తం ఖాళీ అవుతుంది. ఆకు కొనలు పారదర్శకంగా పాలిపోవడం మొదటి గుర్తు. టార్చి పట్టుకుని వెతికి ఏరివేయడం మిగిలిన అన్నిటి కన్నా బాగా పనిచేస్తుంది. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి చల్లడం దానికి తోడు.

ఇంకొకటి తప్పక చెప్పాలి. ఈ గడ్డలలో, ఆకులలో విషం ఉంటుంది. తింటే వాంతులు అవుతాయి. మీరు కూరగాయల మొక్కల మధ్య పెంచుతున్నారు. తెల్ల రకం ఆకు ఉల్లికాడను పోలి ఉంటుంది కనుక, ఆ కుండీలను ఉల్లి, వెల్లుల్లి మడికి దూరంగా జరపండి. చెల్లెలు గారికి, మరదలు గారికి ఇచ్చిన గడ్డల సంగతి కూడా ఈ రోజే ఫోను చేసి చెప్పండి.