అప్‌డేట్: నాన్న పాత డాస్ బిల్లింగ్ ప్రోగ్రామ్ విండోస్ 11లో పనిచేస్తోంది

బెంగళూరు చిక్‌పేట్‌లో మా నాన్న బట్టల షాపు బిల్లింగ్ ప్రోగ్రామ్ కొత్త ల్యాప్‌టాప్‌లో ఓపెన్ అవ్వట్లేదని అడిగింది నేనే, సాల్వ్ అయిపోయిందండి, చెప్పినవాళ్ళందరికీ థాంక్స్. కంపాటిబిలిటీ మోడ్, అడ్మిన్‌గా రన్ చేయడం, యాంటీవైరస్ ఆపడం, వీటికీ దీనికీ సంబంధమే లేదు, ఆదివారమంతా వాటికే పోయింది. అది డాస్ (విండోస్‌కి ముందు వాడిన సిస్టమ్) కాలం నాటి 16-బిట్ ప్రోగ్రామట, 64-బిట్ విండోస్‌లో అవి నేరుగా అస్సలు నడవవు, విండోస్ 11లో 32-బిట్ వెర్షనే లేదు. మామూలు డాస్‌బాక్స్‌లో (పాత డాస్ కంప్యూటర్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్) ఓపెన్ అయింది గానీ ప్రింట్ రాలేదు. ఒకరు చెప్పిన డాస్‌బాక్స్-ఎక్స్ (దాని ఇంకో వెర్షన్) వేసి, దాని సెట్టింగ్స్ ఉండే కాన్ఫిగ్ ఫైల్‌లో పారలల్1 (పాత ప్రింటర్ పోర్ట్) దగ్గర ప్రింటర్ అని, ప్రింట్‌అవుట్‌పుట్ దగ్గర కూడా ప్రింటర్ అని పెట్టా, అంతే. నాన్న ఎఫ్‌8 నొక్కగానే బిల్లు బయటికొచ్చింది, "అక్షరాలు చిన్నగా ఉన్నాయిరా" అన్నారు.