బెసెల్ నిజంగా గుమస్తానేనా?

మిర్చియార్డు గుమస్తా, వరంగల్:
ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణంలో పద్దులు రాస్తాను. ఇంటర్ తప్పిన. మా బిడ్డ స్కూల్లో చెప్పడానికి ఫ్రెడరిక్ బెసెల్ గురించి రాసుకొచ్చింది. 1784లో జర్మనీలోని మిండెన్‌లో పుట్టాడట, లాటిన్ తలకెక్కక 14 ఏళ్లకే బడి మానేశాడట, బ్రెమెన్‌లో ఎగుమతుల కంపెనీలో లెక్కలు రాశాడట. తర్వాత ఏకంగా చుక్క దూరం కొలిచాడట. "నాన్నా, నీ లెక్కనే" అంది. నవ్విన గానీ రాత్రి నిద్ర పట్టలే. పద్దుల నుంచి చుక్కల దాకా ఎట్ల పోయిండు? టేపు అందని చోట దూరం ఎట్ల కొలిచిండు?

రిటైర్డ్ లెక్కల సారు, హన్మకొండ:
నిజమే తమ్మీ. కంపెనీ సరుకంతా ఓడల మీద పోయేది. నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో తేల్చాలంటే చుక్కల్ని చూసి లెక్క కట్టాలి. అట్లా పట్టుకుంది ఆ పిచ్చి. 1607 నాటి పరిశీలనలు తీసుకుని హేలీ తోకచుక్క దారి లెక్కగట్టి, 1804లో అదే ఊళ్లో ఉన్న డాక్టరు ఓల్బర్స్‌కు చూపించాడు. ఆయన పగలు వైద్యం, రాత్రి ఆకాశం. బెసెల్‌ను ఈ దారి పట్టించడమే ఖగోళశాస్త్రానికి తాను చేసిన పెద్ద మేలని తర్వాత చెప్పుకున్నాడు.

1806లో మంచి కొలువు వదిలి లిలియెంతాల్ వేధశాలలో తక్కువ జీతానికి చేరాడు. (నేనైతే వదలను, మా ఇంట్లో ఊరుకోరు.) ఆ తర్వాత కోనిగ్స్‌బర్గ్ ఊరి విశ్వవిద్యాలయం పిలిచింది. ప్రొఫెసర్‌కు డాక్టరేట్ ఉండాలంటే పేరుమోసిన గణితవేత్త గౌస్ సిఫారసు చేశాడు, గొట్టింగెన్ విశ్వవిద్యాలయం ఇచ్చేసింది. కాలేజీ గడప తొక్కకుండానే!

దూరం సంగతి. పరకాల బస్సులో పోతుంటే రోడ్డు పక్క తాటిచెట్టు గిర్రున వెనక్కి పోతుంది, దూరాన గుట్ట మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మన భూమే ఆ బస్సు. ఆరు నెలల్లో సూర్యుడికి అటుపక్కకు, 30 కోట్ల కిలోమీటర్లు జరుగుతాం. దగ్గరి చుక్క దూరపు చుక్కల ముందు కొంచెం జరిగినట్టు కనిపిస్తుంది. 1838లో 61 సిగ్ని అనే చుక్కకు ఆ జరుగుడులో సగం 0.31 సెకన్లని తేల్చాడు. సెకనంటే డిగ్రీలో 3600వ వంతు. వరంగల్ స్టేషన్లో నిలబడి, కాజీపేట దాటి ఇంకో ఆరు కిలోమీటర్ల అవతల ఉన్న పాత రూపాయి బిళ్లను చూసినట్టు. ఆ జరుగుడునుబట్టి దూరం దాదాపు 10.4 కాంతి సంవత్సరాలు (వెలుగు ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం). ఇప్పటి కొలత 11.4.

జమ్మికుంట స్టూడెంట్:
సార్, చిన్న మాట. హెండర్సన్ అనే ఖగోళవేత్త దక్షిణాఫ్రికా నుంచి 1832, 33లోనే ఆల్ఫా సెంటారీ అనే చుక్కను కొలిచాడు. ప్రకటించింది మాత్రం 1839లో.

మిర్చియార్డు గుమస్తా:
మా దగ్గరా అంతే తమ్మీ, చిట్టాలో ఎక్కితేనే లెక్క. రాత్రి బిడ్డను డాబా మీదికి తీసుకపోయిన. ఆ చుక్క కనబడలే.

రిటైర్డ్ లెక్కల సారు:
పట్నం లైట్లలో కనబడదు. చీకటి ఊరు కావాలి, బైనాక్యులర్ ఉంటే ఇంకా నయం.

మిర్చియార్డు గుమస్తా:
మా అత్తగారిది ములుగు దిక్కు. దసరాకు పోతాం, కరెంటు పోతే చాలు.