అప్‌డేట్: దిండి బోటు ట్రిప్పుకి పాటలు, సెట్ అయింది

కోనసీమ దిండిలో రోజంతా బోటు తీసుకుంటున్నాం, తలా ఒక టేస్టు, నది మీద సిగ్నల్ నమ్మలేం, అందరి పాటలూ ఒకే స్పీకర్‌లో ఎలా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనికొచ్చింది స్పాటిఫైలో కొలాబరేటివ్ ప్లేలిస్ట్ ఐడియా. లింక్ ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఎవరికి కావలసినవి వాళ్లు కలిపారు. పాటల ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ మాత్రం ప్రీమియం (డబ్బు కట్టే ప్లాన్) ఉంటేనే అవుతుంది, కాబట్టి బావగారి ఫోన్‌లో ముందురోజు రాత్రే వైఫై మీద దింపేశాం. వశిష్ఠ (గోదారి పాయ) మధ్యలో నెట్ వస్తూ పోతూ ఉన్నా మాకు టెన్షన్ లేదు.

అయినా మొదట్లో పాట తెగుతూనే ఉంది. ఇక్కడ ఒకరు చెప్పిందే కారణం: బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని మన ఒళ్లు పీల్చేసుకుంటుంది. ఇంట్లో అయితే గోడలకు తగిలి ఎటో ఒకవైపు నుంచి స్పీకర్‌కి చేరతాయి, గోదారి మీద గోడలెక్కడివి? ఫోన్ బావగారి వెనక జేబులోంచి తీసి స్పీకర్ పక్కన పెట్టాక మళ్లీ తెగలేదు. స్పీకర్‌ని ఇంజన్‌కి దూరంగా, ముందువైపు పెట్టమన్న సలహా కూడా బాగుంది. సగం వాల్యూమే సరిపోయింది.

వాటర్‌ప్రూఫ్ రేటింగ్ గురించి అంత చర్చ అక్కర్లేకపోయింది, చుక్క నీళ్లు పడలేదు. రెండు స్పీకర్లు జత చేసే అవసరమూ రాలేదు.

ఎవరి పాట ముందు అన్న గొడవకి షఫుల్ పెట్టేశాం. ఘంటసాల తర్వాత డీజే బీటు వస్తే పెద్దమ్మ మొహం చూడాలి! భోజనాలప్పుడు మాత్రం పాత పాటలే, అది ఆవిడ ఆర్డరు.