పాప బారసాలకి టేబుల్ మధ్యలో ఏం పెట్టాలి? ఖర్చు వంద లోపే

పర్లాకిమిడి నుంచి: ఆదివారం బారసాల. భోజనాల టేబుల్ మధ్యలో అందంగా ఏదైనా పెట్టాలనుంది, ప్లాస్టిక్ పూలు మాత్రం నాకు అస్సలు ఇష్టం లేదు. ఐడియాలు చెప్పండి.

రాయగడ నుంచి: కుమ్మరి దగ్గర వెడల్పు మూకుడు ఒకటి తీసుకోండమ్మా. దానికి ఎర్రమట్టి పూసి ఆరనిచ్చి, బియ్యప్పిండి జారుగా కలిపి, కొన చితక్కొట్టిన వెదురుపుల్లతో మన సవర గిరిజనులు గోడల మీద వేసినట్టు చెట్లూ నెమళ్లూ చేతులు పట్టుకుని ఆడే మనుషుల్నీ గీయండి. ఆ గోడబొమ్మల్లో ఇడితాల్ అనేది సవరలకి పూజబొమ్మ, అందుకని దాన్ని మాత్రం యథాతథంగా దించొద్దు.

గుణుపురం నుంచి: ఆ మూకుడులో నేరుగా నీళ్లు పోయకండి, చెమ్మ బయటికి ఊరి పిండి ముగ్గంతా కారిపోతుంది. లోపల స్టీలు గిన్నె పెట్టి అందులో నీళ్లు పోయండి. బంతిపూల కాడలు మొదలంటా తుంచేస్తేనే నిటారుగా తేలతాయి, చుట్టూ నాలుగు మామిడాకులు చాలు. ఎత్తు జానెడు దాటిందా, ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాలే కనబడవు. సంపెంగలొద్దు, ఆ ఘాటుకి అన్నం సయించదు.

పర్లాకిమిడి నుంచి: చాలా థాంక్స్ అక్కా. మధ్యలో దీపం పెట్టొచ్చా?

గుణుపురం నుంచి: పిల్లలు తిరిగే చోట వద్దమ్మా, దేవుడి దగ్గరే పెట్టుకో.